పసిబిడ్డల గొంతువ్యాధి: క్రూపు చరిత్ర



రాజుల చరిత్రలను, యుద్ధముల చరిత్రలను మీరు పెక్కు వినియున్నారు. ఈ సాయంకాలము నేను చెప్పబూనినది ఒక దగ్గు చరిత్ర. దగ్గునకు చరిత్ర యేమని మీలో కొందఱు నవ్వవచ్చును. కాని అర్ధరాత్రివేళ ఇంటిలోని పసిబిడ్డ నిదురనుండి లేచి, కుక్క మొఱిగినట్లు దగ్గుచు, ఊపిరి లోనికి పీల్చలేక తల్లి మెడ పట్టుకొనుట చూచినవారు నవ్వరు. నా జీవితమున అట్టి రాత్రులు రెండు చూచితిని. ఆ రెంటి నడుమ అరువదియొక్క సంవత్సరముల యెడము కలదు.

మొదటిది 1958వ సంవత్సరపు ధనుర్మాసము. నాకు అప్పుడు పదియేండ్లు. మాది కృష్ణాతీరమునందలి యొక చిన్న పల్లె. నా తమ్మునికి మూడేండ్లు. రెండు దినములుగా వానికి కొద్దిపాటి జ్వరము; మ్రింగుట కష్టమై పాలు త్రాగుట మానినాడు. మూడవనాటి రాత్రి గొంతు బొంగురుపోయెను. దగ్గు మొదలై, ఊపిరి తీయునప్పుడెల్ల ఱంపపుకోత వంటి శబ్దము రాజొచ్చెను. మెడ రెండు వైపుల వాచియుండెను. మా నాయనమ్మ దిష్టి తీసి, వాము నూఱి ఛాతికి పట్టు వేసెను. పొరుగువారు వాతలు పెట్టుమనిరి. బండి కట్టి పట్నపు ఆస్పత్రికి పోవుదమని మా తండ్రి యనగా, "తెల్లవారనీరా, వర్జ్యము వెళ్లినాక చూతము" అని మా తాత యనెను. మా ఇంట తాత మాటకు ఎదురు లేదు. తెల్లవారినది; వర్జ్యమును వెళ్లినది; బండి ఊరి పొలిమేర దాటకముందే తమ్ముని ఊపిరి ఆగిపోయినది. మా తాత ఆ పిమ్మట పండ్రెండేండ్లు బ్రదికెను గాని, ఆ రాత్రిని గూర్చి నోరెత్తి యెఱుగడు. చాల కాలమునకు నేనొక వైద్యునికి ఆ లక్షణములన్నియు చెప్పగా, అది కంఠసర్పి యని, ఆంగ్లమున దానిని డిప్తీరియా యందురని ఆయన తెలిపెను.

రెండవ రాత్రి 2020వ సంవత్సరము జనవరి మాసమున, హైదరాబాదులో మా కుమారుని ఇంట గడచినది. మనుమనికి రెండేండ్లు. పగలెల్ల కొంచెము జలుబుతో ఆడుకొని పండుకొనెను. రాత్రి రెండు గంటలకు ఆ దగ్గే! నేను లేచి కూర్చుంటిని. నా చేతులు వణకసాగెను. నీళ్లు మఱిగించి ఆవిరి పట్టింతమని నేను తొందరపడుచుండగా మా కోడలు, "మామయ్యగారూ, వేడినీళ్లు వద్దండీ, వీడు ఏడ్చినకొద్దీ ఊపిరి ఇంకా కష్టమవుతున్నది" అని, బిడ్డను దుప్పటిలో చుట్టి భుజమున వేసికొని, మిద్దెమీద చలిగాలిలో మెల్లగా పచారు చేసెను. బిడ్డ కొంత కుదుటపడెను. ఆ వెంటనే ఆస్పత్రికి పోతిమి. అచ్చటి వైద్యురాలు బిడ్డను తల్లి యొడినుండి దింపకయే పరీక్షించి, "ఇది క్రూపు" అని చెప్పి, ఒక్క మోతాదు మందు నోట పోయించెను. కొన్ని గంటలు ఉంచుకొని చూచి పంపివేసిరి. తెల్లవారిన పిమ్మట వాడు ఇడ్డెన తినుచు నవ్వుచుండెను.

నా చెవికి రెండును ఒకే దగ్గు. ఒకటి నా తమ్ముని కొనిపోయినది. రెండవది ఒక మోతాదు మందుతో తగ్గినది. ఇదెట్లు సంభవించెనని గ్రంథములు వెదకితిని. నాకు దొరకిన సమాధానమే నేటి ప్రసంగము.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. మన సుశ్రుతసంహితలో నిదానస్థానపు పదునాఱవ అధ్యాయము ముఖరోగములను గూర్చినది. అందు కంఠమున పుట్టు వ్యాధులలో రోహిణి యనునది మొదట చెప్పబడినది. గొంతులో మాంసాంకురములు పెరిగి దారి మూసి ప్రాణము తీయునని, అది అయిదు తెఱగులని సుశ్రుతుడు వ్రాసెను. ఈ రోహిణియే కంఠసర్పి యని పెక్కుమంది పండితుల యభిప్రాయము. క్రీస్తుశకపు తొలి శతాబ్దములలో అరెటయుస్ అను గ్రీకు వైద్యుడు గొంతులో పొర కట్టు పుండ్లను వర్ణించి, అవి ముఖ్యముగా పిల్లలను చంపుననియు, వానిని ఐగుప్తు పుండ్లు, సిరియా పుండ్లు అందురనియు వ్రాసెను. స్పెయిను దేశమున మెడకు త్రాడు బిగించి చంపు శిక్ష యొకటి యుండెడిది. దానికి గర్రోటు అని పేరు. అచటి ప్రజలు ఈ వ్యాధికి ఆ శిక్ష పేరే పెట్టి గర్రోటిల్యో యనిరి. 1613వ సంవత్సరమును వారు గర్రోటిల్యోల యేడని చెప్పుకొందురు. మనము కఱవు పేర, గాలివాన పేర ఏండ్లు గుఱుతుంచుకొనునట్లే, వారు బిడ్డల చావు పేర ఒక యేటిని గుఱుతుంచుకొనిరి. 1735వ సంవత్సరమున అమెరికాలోని కింగ్‌స్టన్ అను గ్రామమున మొదలైన గొంతుజాడ్యము చుట్టుపట్ల వ్యాపించి, కొన్ని ఇండ్లలో బిడ్డలందఱను తుడిచిపెట్టెను.

ఇక క్రూపు అను మాట. ఇది స్కాట్లండు పల్లెజనుల మాట. బొంగురుగొంతుతో అఱచుట యని దాని యర్థము. పల్లెలలోని తల్లులు ఆడుకొను ఆ మాటను 1765వ సంవత్సరమున ఎడింబరో నగరపు వైద్యుడు ఫ్రాన్సిస్ హోమ్ తన గ్రంథమునకు పేరుగా పెట్టి శాస్త్రమునకెక్కించెను. బిడ్డ ఊపిరి పీల్చునపుడు వచ్చు ధ్వని కోడికూత వలె నుండునని, చనిపోయిన బిడ్డల గాలిగొట్టములో ఒక పొర కనబడుచున్నదని ఆయన వ్రాసెను. ఆయన కృషి మెచ్చదగినదే. కాని అందుండియే ఒక చిక్కు పుట్టినది. గొంతులో పొర కట్టు జాడ్యము వేఱు, గాలిగొట్టమును పట్టు క్రూపు వేఱు అని వైద్యులు తలపోసిరి. అటు ఒకే వ్యాధికి రెండు పేర్లు వచ్చినవి. ఇటు ఆ దగ్గు దగ్గిన ప్రతి బిడ్డకును క్రూపు అనియే పేరు పెట్టుటచే, ప్రాణము తీయు వ్యాధియు, మూడు దినములలో తగ్గిపోవు వ్యాధియు ఒకే పేరున చలామణి యైనవి. తనంతట తగ్గు బిడ్డకు రక్తము తీసిన వైద్యుడు, రక్తము తీయుటచేతనే తగ్గినదని నమ్మెను. తగ్గని బిడ్డకు ఇంకను ఎక్కువ తీసియుండవలసినదని నమ్మెను.

ఆ నమ్మకము ఎంతటివారిని బలిగొనెనో యొక యుదాహరణము చెప్పుదును. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టను 1799వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన గొంతు మూసికొనిపోయి మరణించెను. అప్పటికాయనకు 67 ఏండ్లు. ఆయనకు ఆనాడు వైద్యులు చెప్పిన వ్యాధి పేరు క్రూపునకు శాస్త్రజ్ఞులు వాడు లాటిను పేరే. ఒక్క దినములో ఆయనకు నాలుగు మార్లు రక్తము తీసిరి. అది రెండు లీటర్లకు పైబడెనని లెక్క. ముగ్గురు వైద్యులలో వయసున చిన్నవాడైన ఎలీషా డిక్ అనునాతడు, గొంతుక్రింద గాలిగొట్టమునకు రంధ్రము చేసి ఊపిరికి దారి చూపుదమని వేడెను. పెద్దలిద్దఱును ఒప్పుకొనలేదు. ఆయనకు వచ్చినది నాలుక వెనుకనుండు మూత వాచు వేఱొక వ్యాధియని నేటి వైద్యులలో పెక్కురి యూహ. ఏదియైనను, అడ్డము గొంతులో నుండగా వారు చేతినరమును కోసిరి. ఈ కథ చదివినపుడు నాకు మా యింటి బండి జ్ఞప్తికి వచ్చెను. ఆ మందిరమునను పెద్దల మాటయే నెగ్గినది.

పిదప ఎనిమిదేండ్లకు ఇదే దుఃఖము యూరపు చక్రవర్తి ఇల్లు చొచ్చెను. నెపోలియను తమ్ముడు లూయీ హాలండు దేశమునకు రాజు. అతని కొడుకు నెపోలియన్ షార్లెస్ నాలుగేండ్లవాడు. తనకు అప్పటికి సంతానము లేకుండుటచే ఆ బాలుడే తన వారసుడు కాగలడని చక్రవర్తి యాశించియుండెను. 1807వ సంవత్సరము మే 5వ తేదీన హేగు నగరమున ఆ బాలుడు క్రూపుతో మరణించెను. యుద్ధరంగమున ఈ వార్త విన్న నెపోలియను, క్రూపు వ్యాధిని గూర్చి ఉత్తమ గ్రంథము వ్రాసినవారికి 12,000 ఫ్రాంకులు బహుమాన మిచ్చునట్లు ఆ సంవత్సరమే ఆజ్ఞాపించెను. నానాదేశముల వైద్యులు గ్రంథములు పంపిరి. 1812 నాటికి తీర్పు వెలువడి, జెనీవా నగరవాసి లూయీ జూరీనునకును, బ్రెమెన్ నగరవాసి ఆల్బర్స్‌నకును బహుమతి పంచబడెను. లోకమునంతటిని లోబఱచుకొనగోరినవాని ధనము బిడ్డ ఊపిరికి అడ్డుపడు పొరను కరగింపలేకపోయినది. ఐనను, రాజాజ్ఞవలన వైద్యుల దృష్టి ఈ వ్యాధివైపు మఱలినది. ఈ జెనీవా నగరమును మాత్రము గుఱుతుంచుకొనుడు. తుదను మరల అచటికి వత్తము.

ఆ బహుమతి ముట్టనివాడొకడు ముడి విప్పినాడు. అతడు ఫ్రాన్సు దేశమున తూర్ అను పట్టణమునందలి వైద్యుడు పియెర్ బ్రెటన్నో. 1818వ సంవత్సరమున ఆ పట్టణమున గొంతుజాడ్యము చెలరేగి మూడేండ్లపాటు నిలిచెను. బ్రెటన్నో రోగులను చూచుటతో తృప్తిపడక, మరణించినవారి గొంతులను శ్రద్ధతో పరీక్షించెను. గొంతులోని పొరయు, గాలిగొట్టములోని పొరయు ఒక్కటే యనియు, అది పైనుండి క్రిందికి ప్రాకుననియు కనుగొనెను. తోలు అను నర్థముగల గ్రీకుమాటనుండి డిప్తీరియా యను పేరు పుట్టించి 1826వ సంవత్సరమున గ్రంథము ప్రకటించెను. మన తెలుగుమాట కంఠసర్పియు ఎంత చక్కనిదో చూడుడు: గొంతులో పాకునది. వారు పొరను చూచి పేరు పెట్టిరి. మనవారు దాని నడకను చూచి పేరు పెట్టిరి.

పొర లేక, గాలిగొట్టపు పైభాగము వాచుటచేత మాత్రమే అదే దగ్గు వచ్చు వ్యాధి మఱియొకటి కలదని కూడ ఫ్రెంచి వైద్యులు గ్రహించిరి. పొరతో వచ్చినదానికి నిజమైన క్రూపు అనియు, పొర లేనిదానికి అబద్ధపు క్రూపు అనియు పేర్లు నిలిచెను. నా రెండు రాత్రుల రహస్యము ఇందే యున్నది. తమ్మునికి వచ్చినది నిజమైనది. మనుమనికి వచ్చినది అబద్ధపుది.

వ్యాధిని గుఱుతించుట వేఱు, మాన్పుట వేఱు. 1825వ సంవత్సరము జులై మాసమున బ్రెటన్నో తన మిత్రుని చిన్నకూతురు ఊపిరాడక మరణించుచుండగా, ఆమె గాలిగొట్టమును కోసి గొట్టము నిలిపి ఊపిరి పోసెను. ఆమె బ్రదికెను. అతని శిష్యుడు ట్రూసో పారిసునగరమున ఈ శస్త్రమును వ్యాపింపజేసెను. ఆయన కోసిన బిడ్డలలో సుమారు నాలుగవ వంతు బ్రదికిరి. ముగ్గురు పోయి ఒకరు దక్కుట విజయమా యని మీరడుగవచ్చును. కోయనిచో ఆ యొక్కరును దక్కరని తెలిసిన తల్లులకు అది విజయమే. తరువాత 1885వ సంవత్సరమున న్యూయార్కునగరపు అనాథశిశువుల ఆస్పత్రిలో పనిచేయు జోసెఫ్ ఓడ్వయర్ అను వైద్యుడు, కోయకుండ నోటినుండియే చిన్నగొట్టమును గాలిదారిలో దింపు ఉపాయమును ప్రకటించెను. ఏ తల్లియు తండ్రియు లేని బిడ్డలకై ఆయన పడిన పాటు లోకమందలి బిడ్డలందఱకును ఉపకరించినది.

ఈ వ్యాధి అంటుకొనునదని అప్పటికే వైద్యు లెఱుగుదురు. కాని తల్లికి ఆ యెఱుక పాటించుట యెంత కష్టము! విక్టోరియా రాణి కుమార్తె ఆలిస్ జర్మనీలోని హెస్ సంస్థానపు రాణి. 1878వ సంవత్సరము నవంబరు మాసమున ఆమె భర్తకును, పిల్లలకును కంఠసర్పి సోకెను. నాలుగేండ్ల చిన్నకూతురు మే మరణించెను. ఆ వార్తను మంచముననున్న కుమారునికి కొన్నాళ్లు దాచి, తుదకు చెప్పవలసివచ్చినపుడు, వాని దుఃఖము చూడలేక తల్లి ముద్దు పెట్టుకొనెను. ఆ ముద్దుతోనే రోగము సోకెనని నాటివారు చెప్పుకొనిరి. డిసెంబరు 14వ తేదీన ఆమెయు కన్నుమూసెను. కోటలోనైనను, గుడిసెలోనైనను ఈ వ్యాధి ప్రవేశించు ద్వారము ప్రేమయే.

ఇక వెలుగు వచ్చిన కాలము. 1883వ సంవత్సరమున క్లెబ్స్ అను జర్మను పండితుడు ఆ పొరలో ఒక సూక్ష్మజీవిని చూచెను. మఱుసటి యేట లోఫ్లర్ దానిని వేఱుచేసి పెంచి, ఇదే కారణమని నిరూపించెను. గొంతులో మాత్రమే యుండు జీవి గుండెను, నరములను ఎట్లు చెఱచుచున్నదను ప్రశ్నకు, 1888వ సంవత్సరమున పారిసునందలి పాస్టర్ సంస్థలో రూ, యెర్సిన్ అనువారు సమాధానము చెప్పిరి. ఆ జీవి ఒక విషమును క్రక్కుచున్నది. చంపునది ఆ విషమే. విషము తెలిసినపుడు విరుగుడు తట్టును గదా! 1890వ సంవత్సరమున బెర్లినులో బేరింగ్ అను జర్మను వైద్యుడును, కిటసాటో అను జపాను పండితుడును, విషమును కొద్దికొద్దిగా ఎక్కించిన జంతువుల రక్తమున దాని విరుగుడు పుట్టుచున్నదని చాటిరి. గుఱ్ఱములకు అట్లు విషము నలవాటు చేసి, వాని రక్తమునుండి తీసిన రసమును బిడ్డల కెక్కింపసాగిరి. దానినే సీరము అందురు. 1894వ సంవత్సరమున పారిసులోని పిల్లల ఆస్పత్రిలో రూ దానిని వాడగా, అంతవరకు ఈ వ్యాధితో చేరిన బిడ్డలలో నూటికి 50 మందికి పైగా చనిపోవుచుండగా, ఆ సంఖ్య 24కు తగ్గెను. మొదటి నోబెలు వైద్యబహుమతి 1901వ సంవత్సరమున బేరింగునకు లభించినది ఇందులకే.

ఆ 1901వ సంవత్సరముననే మఱియొక సంగతియు జరిగినది. అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున సీరము కొఱకు పెంచిన ఒక గుఱ్ఱమునకు ధనుర్వాతము వచ్చెను. దాని రక్తరసమును పాఱవేయక వాడుటచే 13 మంది బిడ్డలు మరణించిరి. ఆ దుఃఖమునుండియే అట్టి మందులను పరీక్షించి గాని అమ్మరాదను చట్టము 1902వ సంవత్సరమున అచట పుట్టెను. మంచిమందైనను శ్రద్ధ లేనిచో విషమగునని ఈ కథ తెలుపుచున్నది.

వచ్చినపిమ్మట మాన్పుటకంటె రానీయకుండుట మేలు. 1923వ సంవత్సరమున పాస్టర్ సంస్థయందలి గాస్టన్ రామన్, ఆ విషమును ఫార్మలిను అను ద్రవముతోను వేడితోను విఱిచి, బాధింపక శరీరమునకు రక్షణ నేర్పునట్లు మార్చెను. అదే నేటి టీకా. కాని కనుగొనుట వేఱు, చేర్చుట వేఱు. 1925వ సంవత్సరమున అలాస్కాలోని నోమ్ అను మంచుపట్టణమున కంఠసర్పి చెలరేగగా, రైలు దిగినచోటి నుండి 674 మైళ్లు మంచుమీద కుక్కలబండ్లపై, 20 మంది ఒకరిచేతి నుండి ఒకరు అందుకొనుచు అయిదున్నర దినములలో సీరము చేర్చిరి. ఆ కుక్కలలో నొకదానికి న్యూయార్కునగరమున విగ్రహము కూడ నిలిపినారు.

ఈ లెక్క చూచినపుడు నాకు నిదురపట్టలేదు. 1958వ సంవత్సరమున నా తమ్ముడు మరణించిన రాత్రికి సీరము 64 ఏండ్ల పాతది. టీకా 35 ఏండ్ల పాతది. మంచులో 674 మైళ్లు పోయిన మందు మా యూరికి రాలేదు. టీకా యను మాట మా ఇంట మశూచికముతో మాత్రమే ముడిపడియుండెను. ఆ రాత్రి బండి కదలియున్నచో తమ్ముడు బ్రదికెడివాడని నేను చెప్పజాలను. కాని కదలనిచో బ్రదుకుట లేదని మాత్రము ఇప్పుడు చెప్పగలను.

మన దేశమున ప్రభుత్వము 1978వ సంవత్సరమున బిడ్డల టీకాల పథకమును ప్రారంభించెను. 1985 నుండి దానిని సార్వత్రికముగా విస్తరింపజేసిరి. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతము ఈ మూడింటికిని ఒకే సూదితో రక్షణ కల్పించిరి. నేడు బిడ్డకు ఆఱు, పది, పదునాలుగు వారముల వయసున ఇచ్చు టీకాలో ఇవియు కలసియున్నవి. పిమ్మట పదునాఱు నెలలు మొదలు రెండేండ్లలోపున ఒకమాఱు, అయిదాఱేండ్లకు ఒకమాఱు, పదియేండ్లకును పదునాఱేండ్లకును మఱల ఇప్పింపవలెను. ఈ తరువాతివానినే మనము తఱచు మఱచుచున్నాము. రష్యా మొదలగు దేశములలో 1990 తరువాత ఈ క్రమము చెడినంతనే లక్షన్నరకు పైగా జనులకు కంఠసర్పి సోకెను. మన దేశమునను ఇటీవలి సంవత్సరములలో వేలసంఖ్యలో రోగులు నమోదైన యేడులు కలవు. హైదరాబాదున జనులు కోరంటి దవాఖాన యని పిలుచు నల్లకుంట ఆస్పత్రిలో వైద్యులు ఈ రోగము గల బిడ్డలను ఇటీవలి కాలమునను చూచుచున్నారు. శత్రువు చావలేదు, కోటగోడ వెలుపల నిలిచియున్నాడు. ఆ గోడ టీకాయే.

నిజమైన క్రూపు అరుదగుటతో, క్రూపు అను పేరు అబద్ధపుదానికే మిగిలినది. ఈనాడు వైద్యులు క్రూపు అన్నచో దీనినే యందురు. ఆఱునెలలు మొదలు మూడేండ్లలోపు బిడ్డలకు ఇది యెక్కువ. జలుబు తెచ్చునట్టి వైరసులే దీనికి కారణము. వానిలో నొకదానిని 1956వ సంవత్సరమున రాబర్ట్ చానక్ అను అమెరికా పండితుడు క్రూపు బిడ్డలనుండి వేఱుచేసెను. పసిబిడ్డ గాలిగొట్టము సన్ననిది. అందు కొంచెము వాపు వచ్చినను దారి చాల ఇఱుకగును. బిడ్డ ఏడ్చినచో ఊపిరి బలముగా లాగి, ఇఱుకు ఇంకను ఇఱుకగును. మా కోడలు గమనించినది ఈ శాస్త్రమే. రాత్రులు హెచ్చి, పగలు తగ్గి, సాధారణముగా రెండు మూడు దినములలో పోవును.

దీని చికిత్సయు వింతగా మాఱినది. నూఱేండ్లకు పైగా ఆవిరి పట్టుట దీనికి పరమౌషధమని పడమటివారును నమ్మిరి. బిడ్డ మంచముప్రక్కన ఆవిరికెటిలు పెట్టి, చుట్టును తెర కట్టెడివారు. ఆస్పత్రులలో తేమగుడారములు వేసిరి. తుదకు పరీక్షించి చూడగా, 2006వ సంవత్సరమున కెనడాలోని టొరంటో వైద్యులు 140 మంది బిడ్డలను పరిశీలించి ప్రకటించిన ఫలితమును బట్టి, తేమగాలివలన చెప్పుకోదగిన మేలు లేదని తేలెను. మఱిగిన నీటివలన బిడ్డలు కాలుట మాత్రము నిజము. ఆ రాత్రి నేను పొయ్యి వెలిగింపబోయినది తలచుకొనిన నేటికిని సిగ్గగుచున్నది. మేలు చేయునది వాపును తగ్గించు డెక్సామెథసోన్ అను మందు. కెనడావారే 720 మంది బిడ్డలపై చేసి 2004వ సంవత్సరమున ప్రకటించిన పరీక్షలో, దాని ఒక్క మోతాదు పుచ్చుకొన్న బిడ్డలలో మరల వైద్యునికడకు రావలసినవారి సంఖ్య సగమునకు తగ్గెను. ఇది వైద్యుడు చూచి బిడ్డ బరువును బట్టి ఈయవలసిన మందు. అంగడిలో కొని మనము పోయదగినది కాదు.

ఇప్పుడు జెనీవాకు వత్తము. నెపోలియను బహుమతి పొందిన జూరీను నగరముననే, 2023వ సంవత్సరమున వైద్యులు ఒక చిన్నపరీక్ష ఫలితము ప్రకటించిరి. క్రూపు బిడ్డలను మందు ఇచ్చిన పిమ్మట కొందఱిని అరగంట ఆరుబయట చలిగాలిలోను, కొందఱిని గదిలోను ఉంచిరి. బయట నున్నవారిలో సుమారు సగముమంది అరగంటలో తేఱుకొనిరి. లోపల నున్నవారిలో నాలుగవవంతు మాత్రమే. ఎన్నియో తరముల తల్లులు బిడ్డను భుజమున వేసికొని వాకిట తిరిగినది పిచ్చిపని కాదన్నమాట. వారు పరీక్షించిన చలి పది డిగ్రీలకు లోబడినది. మన సీమలో అట్టి చలి తఱచు లేదు. మందు మానుమనియు వారనలేదు. ఐనను, పాతదంతయు త్రోసివేయక, పాతదంతయు పట్టుకొనక, ఒక్కొక్కదానిని పరీక్షించి తేల్చుకొనవలెనని ఈ రెండువందల యేండ్ల చరిత్ర చెప్పుచున్నది. ఆవిరి ఓడినది, చలిగాలి గెలిచినది.

పెద్దలారా, మీ గ్రామములలో అర్ధరాత్రి బిడ్డకు జబ్బు చేసినచో మొదట లేపునది మిమ్మే. అందుచేత మీకు నాలుగు మాటలు మనవి చేయుదును. దగ్గు విన్నంతనే ఇంటివారు కేకలు వేయకుండునట్లు చూడుడు. బిడ్డను తల్లి యొడిలో నిలువుగా కూర్చుండబెట్టి, ఏడ్వకుండ ఊఱడింపుడు. గొంతులో వ్రేలు గాని చెంచా గాని పెట్టి చూడకుడు. దానివలన దారి పూర్తిగా మూసికొనవచ్చును. ఆవిరి వద్దు, వాతలు వద్దు. దీపము దగ్గఱకు తెచ్చి బిడ్డ ఛాతిని చూడుడు. నెమ్మదిగా నున్నపుడును ఊపిరి పీల్చుటలో ధ్వని వచ్చుచున్నను, డొక్కలు లోనికి పోవుచున్నను, పెదవులు నీలమైనను, చొంగ మ్రింగలేక కార్చుచున్నను, మెడ వాచినను, గొంతులో బూడిదవన్నె పొర కనబడినను, బిడ్డ సోలిపోవుచున్నను, వేఱు ఆలోచన వలదు. బండికి కబురు పంపుడు. 108 అను అంకెలు నొక్కినచో ఆంబులెన్సు వచ్చును. ఈ చిహ్నములేవియు లేకున్నను, ఆ దగ్గు దగ్గిన బిడ్డను మఱునాడు వైద్యునికి చూపుడు; బిడ్డ టీకాల కార్డు వెంట తీసికొనిపొండు.

మా తాత చెడ్డవాడు కాడు. తమ్మునిపై ఆయనకు ప్రాణము. ఆయనకు తెలిసిన చరిత్రలో ఆ దగ్గునకు మందు లేదు. అందుచేత తెల్లవారుదాక ఆగుటయే ఓర్పనుకొనెను. మనకు తెలిసిన చరిత్రలో మందు కలదు. కనుక ఈనాడు అర్ధరాత్రి ఇంటిలోని చిన్నవారు "పోదమా" అని మన ముఖము చూచినపుడు, మన నోట రావలసిన మాట ఒక్కటే: "పదండి."